క్రొత్త ట్రాక్టరునకు కంపెనీ క్లచ్చిని ముందుగానే మార్చవలెనా?

దమ్ముల కాలము సమీపించినపుడెల్ల, క్రొత్తగా ట్రాక్టరు కొనిన సభ్యులు మమ్ము అడుగు ప్రశ్న యొకటి కలదు. "బండి తెచ్చి రెండు నెలలు కాలేదు. గంటల మీటరు నూరు దాటలేదు. కాని కంపెనీవారు వేసిన క్లచ్చి ప్లేటు మెత్తనిదనియు, అది మన రేగడి బురదకు ఆగదనియు, ఇప్పుడే దానిని తీయించి సిరామిక్ ప్లేటు వేయించుకొనుట మేలనియు మేస్త్రీ చెప్పుచున్నాడు. వేయింపవచ్చునా?" అని. ట్రాక్టరు అప్పునకు మొదటి కంతు ఇంకను కట్టని రైతు, ఆ మాట విని, మరల అప్పుచేసి చెడని వస్తువును తీసి పారవేయుట కలదు. మార్చవలసిన కాలమున మార్చక, సరిగా నాట్ల వారమున బండి మడిలో నిలిచిపోగా, తెచ్చిన కూలీలను గట్టుమీద కూర్చుండబెట్టి కూలి యిచ్చుకొనుటయు కలదు. రెండును నష్టములే. కావున ఈ సంగతిని కొంచెము విపులముగా వ్రాయ దలచితిమి.

ముందుగా మా అభిప్రాయమును చెప్పివేయుదుము. సొంత సేద్యమునకును, మితమైన బాడుగకును వాడు క్రొత్త ట్రాక్టరునకు క్లచ్చిని ముందుగా మార్చుట అనవసరము. కొన్ని పనులకు మాత్రము అది న్యాయమే. ఆ పనులేవో, వానికే ఎందుకు న్యాయమో తెలిసికొనవలెనన్న క్లచ్చి చేయు పని యేమో తెలియవలెను.

ఇంజను వెనుక ఫ్లైవీలు అను బరువైన ఇనుపచక్రము తిరుగుచుండును. గేరుబాక్సులోనికి పోవు ఇరుసుమీద క్లచ్చి ప్లేటు ఉండును. ప్రెజరు ప్లేటు తన స్ప్రింగుల బలముతో ఈ ప్లేటును ఫ్లైవీలునకు అదిమి పట్టును. రెండు అరచేతుల నడుమ తాటాకును అదిమి పట్టి, వేరొకనిని దానిని లాగుమనుడు. అదుము బలమునకు లోబడి లాగినంతవరకు ఆకు కదలదు. చేతులకు వేడియును పుట్టదు. అంతకు మించి లాగినచో ఆకు జారును, అరచేయి మండును. క్లచ్చి యందలి ధర్మమంతయు ఇదియే. పట్టి యున్నప్పుడు అది అరుగదు. జారునపుడు మాత్రమే అరుగును, కాలును. ఎకరములు ఎక్కువ దున్నినందున క్లచ్చి పోయినదని చెప్పుట సరికాదు. ఎన్నిమారులు, ఎంతసేపు జారినదో దానినిబట్టియే పోవును. ఒకే గ్రామమున, ఒకే కంపెనీ బండికి, ఒక యింట క్లచ్చి ఏండ్లు నిలుచుటయు, ప్రక్క యింట రెండు పంటలకే పోవుటయు ఇందువలననే.

బండిని నిలకడనుండి కదలించునపుడు కొంత జారుట తప్పదు. ఆ జారుటలో పుట్టు వేడి యెంతయో లెక్క చూతము. ట్రాక్టరు 2 టన్నులు, ధాన్యపు బస్తాలతో ట్రాలీ 5 టన్నులు, మొత్తము 7 టన్నులనుకొందము. క్లచ్చి పూర్తిగా పట్టుకొనునప్పటికి బండి వేగము గంటకు 5 కిలోమీటర్లయిన, బండికి చేరిన చలనశక్తి సుమారు 6,750 జౌళ్లు. ఇంజను వేగము మారకుండ నున్నచో, ఇంచుమించు అంతే శక్తి క్లచ్చిలో వేడియై పోవును. అదే బరువును పెద్ద గేరులో కదలించి, క్లచ్చి పట్టుకొనునప్పటికి గంటకు 20 కిలోమీటర్ల వేగమునకు తెచ్చినచో ఆ వేడి 1,08,000 జౌళ్లగును. వేగము నాలుగింతలు, వేడి పదునారింతలు! ఈ వేడి ఒక లీటరు నీటిని దాదాపు 26 డిగ్రీలు కాచును. గేరు మార్చుటకు బద్ధకించి మూడవ గేరులోనో నాలుగవ గేరులోనో బండిని లేపు డ్రైవరు, ఒక్కమారు లేపుటలో పదునారు మారులు లేపినంత అరుగుదలను తెచ్చుచున్నాడు. ఎగుడునను బురదలోను ఈ లెక్కకు ఇంకను కలుపుకొనవలెను.

ఇంతకంటె గొప్ప శత్రువు, నడుచుచుండగనే కొంచెము కొంచెము జారుట. 40 గుర్రముల బలము క్లచ్చి మీదుగా పోవుచుండగా, నూటికి పదిపాళ్లు మాత్రమే జారినను 4 గుర్రముల బలము, అనగా సుమారు 3 కిలోవాట్లు, వేడిగా మారును. ఇంటిలోని చల్లని నీరు ఒక లీటరును 100 సెకండ్లలో మరగించుటకు ఆ వేడి చాలును. నీటికైన ఆవిరిగా పోవుటకు దారి యున్నది. మూసిన ఇనుప గూటిలోని ప్లేటునకు అట్టి దారి లేదు. రేకులు మాడి, బిగువు తగ్గి, ఇంకను జారి, ఇంకను కాలును. జారుట మొదలైన క్లచ్చి ఒక్క దినములోనే పోవుటకు కారణ మిదియే.

ఇక కంపెనీ ప్లేటు మెత్తనిదన్న మాట. 1959వ సంవత్సరమున ఫరీదాబాదులో ఐషర్ ట్రాక్టరు దేశీయముగా తయారై వెలువడినది మొదలు, మన దేశపు కర్మాగారములు ఈ బురదకును ఈ ఎండకును బండ్లను కట్టుచునే యున్నవి. ఇంజను ఈయగల గరిష్ఠమైన మెలిబలమునకు మించిన పట్టు ఉండునట్లే క్లచ్చి కొలతను నిర్ణయింతురు. కొంత మిగులు లేనిచో రేకులు కొంచెము అరుగగనే బండి జారవలసి వచ్చును. మధ్యప్రదేశమునందలి బుధ్నిలోను, మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలోను కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. బుధ్నిలో ట్రాక్టరును పొలమున నడిపి, తరువాత విప్పి, లోపలి భాగముల అరుగుదలను కొలిచి నివేదిక వ్రాయుదురు. బండి కొనదలచినవారు ఆ నివేదికలో క్లచ్చిని గూర్చి వ్రాసిన భాగమును ఎవరిచేతనైన చదివించుకొనుట మంచిది. అంగడిలో విను మాటకంటె అది నమ్మదగినది.

మేస్త్రీలను నిందించుట మా యుద్దేశము కాదు. వారిలో చాలమంది పనివారు, నిజాయితీపరులు. కాని వారియొద్దకు వచ్చునవన్నియు చెడిన బండ్లే. చెడని క్లచ్చి షెడ్డునకు రాదు, దానిని వారు చూడరు. పదిమంది రోగులను చూచు వైద్యునకు ఊరంతయు రోగముతో నున్నట్లు తోచుటలో వింత లేదు. ప్లేటు అమ్మినచో లాభము, విప్పి బిగించినచో కూలి వచ్చు నన్నదియు మరువరాదు.

క్రొత్త బండిలో మొదటి దినములలో కొంచెము వాసన వచ్చుటయు, క్లచ్చి పెడల్ తీరు కొంత మారుటయు కలవు. ఇది చూచి భయపడి మార్చువారు కలరు. క్రొత్త రేకు, క్రొత్త ఫ్లైవీలు ఒకదానికొకటి అమరుటకు కొన్ని గంటల పని కావలెను. క్రొత్త తిరుగలి రాళ్లు కొన్ని దినములు విసరినగాని సరిగా కూర్చుండవు గదా! ఆ దినములలో క్లచ్చిని మృదువుగా వాడవలెను. అప్పుడే చూచి తీర్పు చెప్పరాదు. మొదటి సర్వీసులో పెడల్ వదులును కొలిపించి సరిచేయించుకొనినచో చాల అనుమానములు అక్కడనే తీరును.

సిరామిక్ ప్లేటు గొప్పదే, కాని గొప్పతనము ఎక్కడ పనికివచ్చునో చూడవలెను. మామూలు రేకులు, నారలను బంకలతో కలిపి అచ్చుపోసినవి. అవి మెల్లగా, మెత్తగా పట్టుకొనును. మిక్కిలి వేడెక్కినచో పట్టు వదలును. లోహపు పొడిని, పింగాణి వంటి పదార్థములను కలిపి కాల్చిన బిళ్లలే సిరామిక్ ప్లేటు. అది యెక్కువ వేడిని ఓర్చును. కాని అది పట్టుకొనునపుడు మెల్లగా గాక ఒక్కసారిగా పట్టుకొనును. బండి ఎగిరిపడినట్లు కదలును. ఆ కుదుపు ఎవరు భరింతురు? గేరు పళ్లు, ఇరుసులు, ట్రాలీ కొక్కెము, నడుము నొప్పి గల డ్రైవరు. బిళ్లలు గట్టివగుటచే ఫ్లైవీలు ముఖమును, ప్రెజరు ప్లేటు ముఖమును త్వరగా గీసివేయును. మామూలు క్లచ్చి కొంచెము జారి పెద్ద కుదుపును తాను మ్రింగి గేర్లను కాపాడును. అది తన ప్రాణమిచ్చి ఖరీదైన భాగమును కాచునట్టి సేవకుడు. ఆ సేవకుని మొండివానిగా మార్చినచో దెబ్బ ఇంటి లోపలికి పోవును. క్లచ్చి ప్లేటు పోయిన ఖర్చునకును, గేరుబాక్సు విప్పిన ఖర్చునకును గల వ్యత్యాసము ఒక్కమారు అనుభవించినవారికి చెప్పనక్కరలేదు.

ఇంకొకటి. క్లచ్చిని మార్చవలెనన్న ట్రాక్టరును నడుమకు రెండుగా విడదీయవలెను. ఇంజను ఒకవైపు, గేరుబాక్సు ఒకవైపు. హైడ్రాలిక్కు గొట్టములు, విద్యుత్తు తీగెలు, స్టీరింగు, కడ్డీలు అన్నియు ఊడదీయవలెను. కర్మాగారమున కొలతగా బిగించినదానిని చెట్టుక్రింద, జాకీలమీద, ఇటుకల దొంతులమీద విడదీసి మరల కలుపుట చిన్నపని కాదు. ప్లేటు సరిగా నడుమకు కుదురకున్న, ఇరుసును బలవంతముగా దూర్చి ప్లేటు బొడ్డును వంచుదురు. ఏ నూనె సీలునకో గీటు పడినచో నెలకే నూనె కారి క్రొత్త రేకులమీద పడును. నూనె తగిలిన రేకు ఎంత ఖరీదైనదైనను పట్టదు. పైగా హామీ కాలములో బయటి మేస్త్రీచేత బండిని విడదీయించినచో, తరువాత గేరుబాక్సులోనో ఇంజనులోనో లోపము కనబడినపుడు హామీ చెల్లదని చెప్పుటకు కంపెనీకి సందు దొరకును. క్లచ్చి రేకుల అరుగుదల సాధారణముగా హామీలో చేరదు. కాని లోపముగల ప్రెజరు ప్లేటు, కారు సీలు, హామీ కాలములో కనబడినచో అడుగదగినవే. కాగితములను చదివి, ఏది చేరునో ఏది చేరదో సంతకమునకు ముందే తెలిసికొనుడు.

ధనము సంగతి సులభమైన లెక్క. కంపెనీ ప్లేటు 2,000 గంటలు పనిచేయునదే యనుకొందము. 100 గంటలకు తీసివేసినచో ఇరువదింట పందొమ్మిది పాళ్లు చెత్తకుప్పలో వేసినట్లు. అది 1,000 గంటలకే పోవునదైనను, పదింట తొమ్మిదిపాళ్లు వేసినట్లే. ఆ ధనమునకు వడ్డీ వేరుగా కలదు.

అయినచో ముందుగా మార్చుట ఎవరికి న్యాయము? ముందుభాగమున లోడరు తొట్టి బిగించి, ఇసుకనో మట్టినో ఎత్తి పోయుచు, దినమంతయు ముందునకు వెనుకకు, ముందునకు వెనుకకు తిరుగు బండికి న్యాయము. గంటకు వందమారులు క్లచ్చి త్రొక్కు ఆ పనిలో రేకు చల్లబడు వ్యవధి యుండదు. వేడిని ఓర్చు ప్లేటునకు అదియే తగిన చోటు. దమ్ము చక్రములు తగిలించి, రెండు పంటలకును ఊరూర తిరిగి బాడుగకు కరిగెట చేయువారు, అందులోను బండి బలమునకు మించిన పెద్ద రొటవేటరు లాగించువారు, కూడ ఆలోచింపవచ్చును. అట్టివారైనను మొదట చేయవలసినది ప్లేటు మార్చుట గాదు, రొటవేటరును తగ్గించుట. క్రొత్త ప్లేటు ఇంజను బలమును పెంచదు. మరొక సందర్భము: వేరొక కారణమున, నూనె సీలు మార్చుటకో గేరు పనికో, బండిని ఎటులైనను విడదీయవలసి వచ్చినపుడు ప్లేటును కొలిపించి, సగమునకు మించి అరిగియున్నచో అప్పుడే మార్చుట లాభము. విడదీయు కూలి ఒక్కటే పడును. అట్లే, దమ్ములకు ముందు వేసవిలో జారుట కనబడిన క్లచ్చిని "ఈ పంట గడువనిమ్ము" అని ఈడ్చుట తప్పు. వేసవిలో మేస్త్రీకి తీరిక యుండును, సామాను దొరకును. జూలైలో రెండును ఉండవు.

అడవి దారులకు, కొండ దారులకు నాలుగు చక్రములకు బలము పోవు జీపులను కొనువారును ఈ ప్రశ్ననే అడుగుదురు. వారికిని జవాబు వేరు కాదు. బండి టైర్లను పెద్దవిగా మార్చినవారికి, బరువైన ట్రాలీ లాగువారికి మాత్రము క్లచ్చిమీద భారము పెరుగును; ఏమియు మార్చని క్రొత్త బండికి తొందర లేదు. 1948లో వెలువడిన ల్యాండు రోవరు నాటినుండియు ఈ బండ్ల క్లచ్చి గూటికి అడుగున ఒక చిన్న బిరడా రంధ్రము కలదు. ఇది మన ట్రాక్టర్లలో చాలవానికిని ఉన్నది, మనవారిలో చాలమందికి తెలియదు. దీనిని గూర్చి కొంచెము చెప్పవలెను.

లోతు నీటిలోను, దమ్ము మడిలోను పనిచేయునపుడు ఈ రంధ్రమునకు బిరడా బిగింపవలెను. లేనిచో బురదనీరు గూటిలోనికి పోయి రేకులమీద పడును. దమ్ము ముగిసిన పిమ్మట బిరడాను తీసివేయవలెను. అట్లు తీయగా నూనె చుక్కలు పడినచో ఇంజను వెనుకనో గేరుబాక్సు ముందుననో సీలు కారుచున్నదని అర్థము. నీరు పడినచో, ఎక్కడనో సందు ఉన్నదని అర్థము. ఏడాది పొడుగున బిరడా బిగించియే యుంచినచో కారిన నూనె బయటపడుటకు దారి లేక లోపలనే చిందును. ప్లేటు మెత్తనిదను అపవాదు ఇందులో కొంత భాగము ఈ బిరడాకు చెందవలసినది. మీ బండికి ఇట్టి రంధ్రమున్నదో లేదో, ఎప్పుడు మూయవలెనో ఎప్పుడు తెరువవలెనో బండితో నిచ్చిన పుస్తకములో చూడుడు.

ఇక వాడుక. క్లచ్చిని చంపునది బురదకంటె ఎక్కువగా డ్రైవరు ఎడమకాలు. పెడల్ మీద కాలు ఆనించి నడుపుట చాలమందికి అలవాటు. కాలి బరువునకే రిలీజు బేరింగు ప్రెజరు ప్లేటు వ్రేళ్లకు తగిలి నిరంతరము తిరుగును. స్ప్రింగు బిగువు కొంత సడలును. ప్లేటు కనబడకుండ జారును. గట్టు దాటునపుడు, దిగబడినపుడు సగము క్లచ్చిమీద ఇంజనును అరపించుచు బండిని ఊపుట ఇంకొకటి. గట్టును దాటవలెనన్న ముందే చిన్నగేరులో పెట్టి, క్లచ్చిని పూర్తిగా వదలి, నిదానముగా ఎక్కవలెను. ముందు చక్రములు లేచుచున్నవని తోచినచో వెనుకకు వచ్చి గట్టును పారతో చెక్కవలెను గాని క్లచ్చితో సమాధానపరచుట కూడదు. ట్రాక్టరు వెనుకకు తిరుగబడి డ్రైవరు ప్రాణమే పోవు ప్రమాదము అచ్చటనే కలదు. దిగబడిన బండిని ఒకటి రెండు మారులు ప్రయత్నించి, కదలనిచో దిగి, చక్రముల ముందు మన్ను తీసి, కట్టెలో గడ్డియో వేయవలెను. లేదా ఇంకొక బండిని పిలువవలెను. పది నిమిషములు సగము క్లచ్చిమీద పోరాడిన డ్రైవరు పదినెలల ఆయువును అచ్చటనే పోగొట్టవచ్చును.

రెండు క్లచ్చులు గల బండ్లలో పెడల్ సగమువరకు త్రొక్కిన చక్రములకు పోవు బలము ఆగును; చివరివరకు త్రొక్కినచో రొటవేటరునకు పోవు బలమును ఆగును. అందు రెండవ ప్లేటు మాడుట, రొటవేటరును నేలలో దిగవేసి, ఇంజనును పెద్దగా అరపించి, ఒక్కసారిగా తగిలించుటవలన. రొటవేటరును పైకెత్తి, ఇంజనును నెమ్మదిలో నుంచి, మెల్లగా తగిలించి, తిరుగుట మొదలైన తరువాత వేగము పెంచి, కదలుచునే నేలకు దింపవలెను. నూనెలో మునిగి పనిచేయు పలు ప్లేట్ల క్లచ్చులు గల బండ్లును ఇప్పుడు వచ్చుచున్నవి. వానికి ఇందు వ్రాసిన రేకుల సంగతి వర్తింపదు. వాని నూనెయే వాని ప్రాణము.

పెడల్ వదులు అనునది మరువరానిది. పెడల్ త్రొక్కగా మొదట కొంత దూరము ఏ బరువును లేక పోవును. చాల ట్రాక్టర్లలో అది సుమారు ఒక అంగుళము. మీ పుస్తకములోని కొలతయే మీకు ప్రమాణము. రేకు అరిగినకొలది ప్రెజరు ప్లేటు వ్రేళ్లు వెనుకకు జరిగి, ఈ వదులు తగ్గుచు వచ్చును. వదులు పూర్తిగా పోయినపుడు, ఎవరును పెడల్ త్రొక్కకున్నను క్లచ్చి కొంచెము త్రొక్కినట్లే యుండును. రేకులో ఇంకను సగము మందముండగనే, కేవలము ఈ వదులు లేక, మాడిపోయిన ప్లేట్లు కలవు. దీనిని సరిచేయుటకు ఒక స్పానరు, ఒక అంగుళముల కొలబద్ద, అరగంట చాలును. 50 గంటల కొకమారు కొలిచి, ఆ కొలతను గోడమీద బొగ్గుతోనైన వ్రాసి యుంచుడు. వదులు తరుచుగా, త్వరత్వరగా తగ్గుచున్నచో క్లచ్చి త్వరగా అరుగుచున్నదని ఆ వ్రాతయే చెప్పును. అప్పుడు కారణమును వెదకవలెను.

జారుచున్నదా లేదా అనునది చెవితో తెలియును. ఇంజను గట్టిగా అరచుచు, చక్రములు తిరుగుచు, బండి కదలకున్నచో జారుచున్నవి టైర్లు. క్లచ్చిలో దోషము లేదు. ఇంజను అరచుచు, చక్రములే మెల్లగా తిరుగుచు, మాడువాసన వచ్చినచో క్లచ్చి జారుచున్నది. ఇంజను మూలుగుచు వేగము తగ్గి ఆగిపోవుచున్నచో క్లచ్చి దివ్యముగా నున్నది, లాగు బరువు ఎక్కువ. దమ్ములో మొదటిదానిని చూచి రెండవదని భ్రమపడి ప్లేటు మార్పించుకొనుట కలదు. రోడ్డుమీద ఇంకొక పరీక్ష: బరువున్న ట్రాలీతో, సమనేలమీద, పెద్ద గేరులో, నెమ్మదిగా పోవుచు, ఇంజను వేగమును ఒక్కసారిగా పెంచుడు. ఇంజను శబ్దము పెరిగి బండి వేగము పెరుగకున్నచో సందేహము లేదు. ముందు పెడల్ వదులు చూడుడు, పిమ్మట అడుగు రంధ్రమున నూనె చూడుడు, ఆ తరువాతనే మేస్త్రీని పిలువుడు.

మార్చవలసియే వచ్చినపుడు లోభము పనికిరాదు. ప్లేటుతోపాటు రిలీజు బేరింగును, ఫ్లైవీలు నడుమనుండు చిన్న బేరింగును చూచి, సందేహమున్నచో మార్చవలెను; బేరింగు ధర కొంచెము, దానికొరకు మరల బండి విడదీయుట యెక్కువ. ఫ్లైవీలు ముఖమున నీలపు మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నచో లేతుపై సరిచేయింపవలెను. ఏ సీలు కారి ప్లేటు చెడినదో ఆ సీలును మార్చక క్రొత్త ప్లేటు వేయించుట చిల్లు కుండలో నీరు పోయుటయే. గూటిలోని నల్లని పొడిని గాలి గొట్టముతో ఊదనీయకుడు. పాత బండ్ల రేకులలో రాతినార కలిసియుండెడిది. దాని పొడి ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధులు పుట్టును. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాతిపెట్టుడు. షెడ్డులో పనిచేయు చిన్నవారిని ఆ సమయమున దూరముగా నుంచుడు.

సంఘములు బాడుగకు నడుపు ట్రాక్టర్ల విషయమున వేరొక చిక్కు కలదు. బండి ఒకటి, డ్రైవర్లు ముగ్గురు. క్లచ్చి ఎవరి కాలిక్రింద మాడినదో తేలదు, ఖర్చు సంఘముమీద పడును. కార్యవర్గమువారు "ముందుగానే గట్టి ప్లేటు వేయింతము" అని తీర్మానించుటకంటె, బండిలో ఒక పుస్తకము ఉంచి, ప్రతి డ్రైవరు తాను ఎక్కునపుడును దిగునపుడును గంటల మీటరు అంకెను, చేసిన పనిని, వారమునకొకమారు పెడల్ వదులును వ్రాయునట్లు నియమము చేయుట మంచిది. ఒకని చేతిలో నున్న వారములలోనే వదులు తగ్గుచున్నదని రెండు నెలలలో తెలిసిపోవును. వానికి ఒక పూట నేర్పుటకగు ఖర్చు, ప్లేటు ఖర్చులో ఎన్నవ వంతో చెప్పనక్కరలేదు. బాడుగకు తీసికొను రైతులును, "గట్టెక్కించు, ఏమగును" అని డ్రైవరును తొందరపెట్టుట మానవలెను.

పనులు ముగిసి బండిని నెలలకొలది షెడ్డులో నిలుపునపుడు, తేమవలన ప్లేటు ఫ్లైవీలునకు తుప్పుతో అంటుకొని, మరల వాడబోవునపుడు క్లచ్చి విడువక మొరాయించుట కలదు. దీనినిగూడ క్లచ్చి పోయినదని భ్రమింతురు. దీనికి ఉపాయము, పెడల్ ను పూర్తిగా త్రొక్కి, అట్లే నిలిచియుండునట్లు ఒక కట్టెముక్కను అడ్డముంచుట. బండిని మరల తీయు ఉదయమున, తాళము తిప్పుటకు ముందు ఆ కట్టెముక్కను తీసితిరా లేదా యని చూచుకొనుడు.